ఆరోగ్యవంతుడి ఎడమ చేయి

"కదలకండి" అని ఆ పొద్దున మూడో మనిషి కూడా అనేసరికి హార్మ్ వీరింగకు చిర్రెత్తుకొచ్చింది.

"కదిలిందెవరు? నీ కెమెరాయే కదులుతోంది, చూసుకో."

ఎడమ చేతికి మోచేతి దాకా చల్లటి జెల్ పూయించుకుని, లేజర్ వెలుతురు కంట పడకుండా ముక్కును నొక్కేసే కళ్లద్దాలు పెట్టుకుని, ఎత్తు చాలని స్టూలు మీద కూర్చున్నాడతను. ఆ భవనంలో మరమ్మతులు చూసుకునే పొట్టి మనిషి, లావు మెడ. యూనిఫాం జేబులో స్క్రూడ్రైవర్లు తొడకు గుచ్చుకుంటున్నాయి. బయట గ్రోనింగెన్ ఊరి వాన. కింద సైకిళ్ల షెడ్డు కారుతుంటే బకెట్ పెడుతున్న మనిషిని మూడో అంతస్తులోని ల్యాబుకు లాక్కొచ్చింది ప్రొఫెసర్ ట్యాల్డా.

సూది గుచ్చకుండా, చర్మం కిందికి వెలుతురు పంపి రక్తనాళాలను చూసే కెమెరాలు చేస్తారు ఆ యూనివర్సిటీ ల్యాబులో. పీహెచ్‌డీకి ఒక్క సీటు ఖాళీ అయితే చాలు, ఎక్కడెక్కడి నుంచో దరఖాస్తులొచ్చి పడతాయి. చివరికి మిగిలినవాళ్లకు ట్యాల్డా పెట్టే పరీక్ష ఒకటే: హార్మ్ చేతి చిత్రం తీయాలి.

మొదటి కెమెరా తయారైన రోజు ఎవరిదో ఒక చేయి కావాల్సొచ్చింది. ఆ గదిలో బల్బు మార్చడానికి వచ్చినవాడు హార్మ్. అలా మొదలైంది. ఆ చేతి మీదే పని నేర్చుకుని ఎందరో పీహెచ్‌డీ పట్టాలు పుచ్చుకుని వెళ్లిపోయారు. వరండా అలమారులో ఉన్న వాళ్ల సిద్ధాంత గ్రంథాలన్నిటిలోనూ ఎర్రటి కొమ్మల్లా హార్మ్ రక్తనాళాలే. కింద 'ఆరోగ్యవంతుడి ఎడమ చేయి' అని ఉంటుంది. పేరు ఎక్కడా ఉండదు.

"నీకంటే నీ చేయే ఎక్కువ చదువుకుంది" అనేది భార్య హేషె ఏటా, ఊలు అల్లిక పక్కన పెట్టి అతని పుట్టినరోజు కేకు కోస్తూ. చుట్టాలు నవ్వేవాళ్లు. హార్మ్ విసుక్కునేవాడు. ఆమె ఆ మాట మరిచిపోయిన ఏడు మాత్రం తనే గుర్తు చేశాడు.

ముందు వచ్చిన ఇద్దరు అభ్యర్థులూ చకచకా చిత్రాలు తీసి, "అద్భుతం" అనేసి వెళ్లారు. ఇమ్కె అనే ఈ పిల్ల తడిసిన కోటు కూడా విప్పలేదు. చేతికి పట్టీ బిగించి రక్తాన్ని ఆపుతుంది, వదులుతుంది, తెర చూస్తుంది, మళ్లీ బిగిస్తుంది.

"ఇంకొక్కసారి కట్టనా అండీ?"

"ఇంకా ఎన్నిసార్లు తల్లీ? కింద నా బకెట్ నిండిపోతోంది!"

ఇమ్కె ట్యాల్డా వైపు తిరిగింది. "నేనే తప్పు చేస్తున్నానేమో. పట్టీ వదిలాక రక్తం చాలా నెమ్మదిగా వస్తోంది. చివర్లో సన్న నాళాలు కొన్ని అసలు నిండట్లేదు. ఇది ఆరోగ్యంగా ఉన్న చేయి కాదేమో మేడమ్."

"బాగుంది వరస!" అన్నాడు హార్మ్. "నువ్వు పలక పట్టని రోజుల నుంచీ ఇది ఆరోగ్యంగానే ఉంది."

"లెన్స్ సర్దుకో అమ్మాయ్" అంది ట్యాల్డా. తర్వాత తనే వచ్చి కూర్చుంది. తన చేతికి పట్టీ కట్టి, వదిలి చూసుకుంది. తెర క్షణంలో ఎర్రబడింది. ముందటి ఇద్దరూ తీసిన చిత్రాలు తెరిచింది. వాటిలోనూ అవే ఖాళీలు.

"వాళ్లూ చూడలేదు" అంది మెల్లగా. "నేనూ చూడలేదు."

"ఇన్నేళ్లు ఇంతమంది చూస్తూనే ఉన్నారుగా! మరి ఏం చూశారు ట్యాల్డా?"

ఆమె ఆ చిత్రాలు మూసేసింది. "రేపే డాక్టరు దగ్గరికెళ్లు. ఇకపైన ఈ చేయి..."

"పనికిరాదు."

"కొలతకు పనికిరాదు హార్మ్. అంతే."

కాగితంతో జెల్ తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా జిగట వదల్లేదు. కాగితాన్ని నేలకేసి కొట్టి, మళ్లీ తనే వంగి తీసి చెత్తబుట్టలో వేశాడు. గుమ్మం దగ్గర ఆగి ఇమ్కె వైపు గడ్డం ఎగరేశాడు.

"సీటు ఈ పిల్లకే ఇవ్వు. ఆ ఇద్దరూ దీన్ని చూసి అద్భుతమన్నారు."

కింద బకెట్ పొంగి షెడ్డంతా నీళ్లు. వానను, కప్పును, ప్రొఫెసర్లను కలిపి తిట్టుకుంటూ పొద్దుపోయేదాకా తుడిచాడు. మధ్యమధ్యలో చీపురు ఆనించి ఎడమ చేతిని తిప్పి చూసుకున్నాడు. ఎప్పటిలాగే ఉంది, వెంట్రుకలూ మచ్చలూ.

డాక్టరు మందులు రాశాడు, బరువులు ఎత్తొద్దన్నాడు. చలికాలం రాకముందే హార్మ్ ఉద్యోగం మానేశాడు. సెలవు తీసుకోవడానికి మూడో అంతస్తుకు రాలేదు.

సీటు ఇమ్కెకే వచ్చింది. కొత్త చేయి వెతకడం ఆమె మొదటి పని. చిత్రాలు తీసే చీకటి గది సర్దుతుంటే స్టూలు వెనక కొక్కేనికి ఒక స్వెటర్ చేయి ఒంటరిగా వేలాడుతూ కనబడింది. ముదురాకుపచ్చ ఊలు, ఎడమది. భుజం అంచున, అవసరమైనప్పుడు విప్పుకోవడానికి వీలుగా, ఎవరో ఓపిగ్గా కుట్టిన గుండీల వరుస.