దొరగారి పస్తు

పట్టకారుతో కీచురాయిని పట్టుకుని, కాల్షియం పొడిలో దొర్లించి, గాజుపెట్టెలోకి చేయి పెట్టి ఆమె బతిమాలుతోంది. "ఒక్కటి తినరా నాయనా. ఒక్కటంటే ఒక్కటి." ఆకు మీద తీరిగ్గా కూర్చున్న చెట్టుకప్ప కీచురాయి వంక చూసింది, ఆమె వంక చూసింది, మెల్లగా అటు తిరిగి కూర్చుంది.

కప్పలు రెండు. కూతురు చదువుకని హాస్టలుకు వెళ్తూ, "అమ్మా, రోజూ ఒకే పురుగు పెట్టకు. కీచురాళ్ళు, పట్టుపురుగులు, బొద్దింక పిల్లలు మార్చి మార్చి పెట్టు" అని అప్పగించి వెళ్ళింది. వాటిలో ఒకటి, చిట్టి, ఏది పెట్టినా తింటుంది. రెండోదాన్ని ఇంట్లో దొరగారంటారు. ఆమధ్య దొరగారికి నలత చేస్తే, జాలిపడి, ఆమె మైనపు పురుగులు తెచ్చి ఒక్కొక్కటే నోటికందించింది. తేనెపట్టులో మైనం తిని బలిసే తెల్లటి పురుగులవి, ఒంటికి కొవ్వు తప్ప మరేమీ ఇవ్వవు. నలత పోయింది, అలవాటు పోలేదు. ఇప్పుడు మైనపు పురుగే కావాలి, అదీ ఆమె చేత్తోనే.

"అచ్చం నాలాగే. రుచి తెలిసినవాడు," అని నవ్వాడు సోఫాలోంచి భర్త.

అతనికి కళ్ళజోళ్ళ దుకాణం. ఇరవై రెండేళ్ళుగా మధ్యాహ్నం ఇంటికొచ్చి, ఆమె వడ్డిస్తేనే తింటాడు. వండినవన్నీ బల్ల మీదే ఉన్నా, ఖాళీ పళ్ళెం ముందు కూర్చుని "ఏమోయ్" అని పిలుస్తాడు. పెళ్ళయిన కొత్తల్లో అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, "మావాడు దీని చేతి ముద్ద తప్ప ముట్టడమ్మా" అని. ఆ మాటకి ఆమె లోలోపల ఎంత పొంగిపోయేదో! ఆ పొంగులోనే చెల్లెలి కాన్పుకి వెళ్ళి రెండో రోజుకే తిరిగొచ్చేసింది. బడిలో సైన్సు టీచరు ఉద్యోగం వస్తే వద్దంది. స్నేహితురాళ్ళు కొండలు చూడటానికి వెళ్తుంటే బస్సు దాకా వెళ్ళి చేయి ఊపి వచ్చింది. ఎవరూ కట్టిపడేయలేదు. "వెళ్ళు, నాదేముంది, ఏ రొట్టె ముక్కో తింటాలే," అనేవాడతను. ఆ రొట్టె ముక్కే ఆమె కాళ్ళకి అడ్డం పడేది.

ఇప్పుడు, కాలేజీలో తనతో జంతుశాస్త్రం చదివిన స్నేహితురాలు పిల్లలకి సెలవుల శిబిరం పెడుతోంది. "కప్పల పాఠం నువ్వే చెప్పాలి. పది రోజులు. శుక్రవారంలోగా మాటివ్వు," అంది. భర్తకి చెబితే, "పది రోజులా!" అన్నాడు. మళ్ళీ తనే, "సర్లే, ఏ రొట్టె ముక్కో..." అన్నాడు.

సోమవారం ఆమె దొరగారిని డబ్బాలో పెట్టుకుని జంతువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"జబ్బేం లేదండీ, గారాబం," అంది డాక్టరమ్మ కప్ప పొట్ట తడిమి. "పట్టకారు దాచేయండి. నాలుగు కీచురాళ్ళు పెట్టెలో వదిలి, మీరు అవతలికి వెళ్ళిపోండి."

"తినకపోతే?"

"వారం తినకపోయినా దానికేం కాదు. ఆకలి రుచెరగదంటారుగా. కష్టమంతా మీకే."

నిజంగానే కష్టం ఆమెకే అయింది. మంగళవారం సాయంత్రం దొరగారు గాజుకి మొహం ఆనించి ఆమె కోసం చూశారు. ఆమె వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెనే మళ్ళీ తోమింది. బుధవారం భర్త ఉండబట్టలేక, "పాపం, ఆకలితో మాడుతుంటే చూస్తూ ఎలా ఉన్నావే? నీది మనసా, రాయా?" అన్నాడు.

"రాయి కాదు కనకే వంటింట్లో దాక్కుంటున్నానండీ."

గురువారం సాయంత్రం మొక్కలకి నీళ్ళు పోసి వస్తూ చూసింది. కీచురాయి ఆకు మీదికి పాకుతోంది. దొరగారు ముందుకి ఒంగారు. ఒక్క దూకు! నోటి బయట వేలాడుతున్న కాలుని లోపలికి తోసుకుని, కళ్ళు మూసి మింగారు. వెంటనే రెండోదాని వెంట పడ్డారు.

చప్పట్లు కొట్టబోయి ఆగిపోయింది ఆమె. సంతోషం పక్కనే ఏదో ముల్లులా చిన్నగా గుచ్చుకుంది. నేను పెట్టకుండానే తిన్నదే! ఆ ముల్లు కొత్తది కాదు. బస్సు దగ్గర్నించి వెనక్కి నడిచిన రోజునా ఉంది, చెల్లెలి ఊళ్ళో రాత్రంతా నిద్రపోనివ్వనిదీ అదే. ఇన్నాళ్ళూ దానికి జాలి అని పేరు పెట్టుకుంది.

స్టూలు లాక్కుని గాజుపెట్టె ముందు కూర్చుంది. తర్వాత స్నేహితురాలికి ఫోన్ చేసింది.

"వస్తున్నానే. పది రోజులూ ఉంటా."

"నిజంగా? మరి మీ ఆయన పస్తుంటాడని భయపడి చచ్చేదానివిగా?"

"నా భయం అది కాదే. నేను లేకపోయినా హాయిగా తినేస్తాడేమోనని." ఆ మాట పైకి అనేశాక నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. "తిననీ."