కుర్చీ వేసి టీ తెప్పించిన మనిషి

మా బావమరిది లాయరు. వాణ్ణి అనుమానించడానికి ఇంకో కారణం వెతకనక్కర్లేదు.

నేను ఆసుపత్రి అంబులెన్సు నడిపేవాణ్ణి. డీజిలు దొంగనని ముద్ర వేసి, సంజాయిషీ కూడా అడక్కుండా నా ఉద్యోగం పీకేశారు. ఉత్తర్వు చేతికొచ్చిన సాయంత్రమే వాడు ఇంటికొచ్చాడు.

"బావా, ఇది చెల్లదని దావా వేద్దాం. కానీ మూడేళ్లలోపే వెయ్యాలి. గడువు దాటితే జడ్జిగారు కాగితం కూడా తిప్పరు. నాకు ఫీజొద్దులే."

ఫీజు వద్దట! నక్క వినయాలు కాకపోతే ఊరికే వాదించే లాయరు ఎక్కడైనా ఉంటాడా? గెలిచాక వచ్చే జీతం బకాయి మీద కన్నేశాడని అప్పుడే తేల్చేశాను.

మా ఆఫీసు హెడ్ క్లర్కు అలా కాదు. వెళ్లిన ప్రతిసారీ తన పక్కనే కుర్చీ వేయించేవాడు, టీ తెప్పించేవాడు.

"కోర్టుకెక్కావంటే పెద్దసారు మొండికేస్తాడయ్యా. అర్జీ పెట్టు. నేనున్నాగా!"

పెట్టాను. జవాబు రాకపోతే ఇంకోటి పెట్టాను. ఆయన అర్జీ మీద ముద్ర కొట్టిన ప్రతిసారీ గడువు మళ్లీ మొదలవుతుందని నా లెక్క. ఆ మాట బావమరిదిని అడగలేదు. అడిగితే కాదంటాడు కదా, వాడి బేరం పోతుందని!

మా ఆవిడ ఊరుకునేది కాదు. "పాలవాణ్ణి అనుమానిస్తారు, నా తమ్ముణ్ణి అనుమానిస్తారు. ఆ టీ తెప్పించేవాణ్ణి ఒక్కసారైనా అనుమానించరేం? తడిగుడ్డతో గొంతు కోస్తాడు, చూస్తుండండి."

"నీ తమ్ముడు నేర్పిన మాటలేగా!" అని కసిరాను.

మూడేళ్లు నిండే రోజు బావమరిది దావా కాగితాలు పట్టుకుని పొద్దున్నే వచ్చాడు.

"ఒక్క సంతకం బావా. ఆ అర్జీలు గడువును ఆపవు. నీకు దణ్ణం పెడతా."

ఇంత ఆత్రమేమిటి వీడికి? ఏదో మతలబు ఉందనుకున్నాను. పెన్ను ముట్టుకోలేదు. వాడి కళ్లలో నీళ్లు తిరిగాయి. అదీ నటనే అనుకున్నాను, నా బుద్ధి తగలెయ్య!

మర్నాడు ఆఫీసుకు వెళ్లాను. హెడ్ క్లర్కు పక్కన నా కుర్చీ లేదు. గోడవారకు జరిపి దాని మీద ఫైళ్లు పేర్చారు. నిలబడే అడిగాను, నా అర్జీల సంగతేమిటని.

"ఏ అర్జీలు?" అన్నాడు తలెత్తకుండా. తర్వాత తలెత్తి, ఎప్పటిలాగే మెత్తగా నవ్వాడు.

"ఇక నీ ఇష్టమయ్యా. కోర్టుకెళ్తానంటే వెళ్లు. నేనేం అడ్డు చెప్పను."