కుడి నుంచి మూడో బొట్టు

నేను ఒక హార్డ్ డిస్కును. కంప్యూటర్‌లో ఒక విడిభాగం అని నన్ను తేలిగ్గా తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. తణుకులో తొమ్మిదేళ్ళపాటు జరిగిన పెళ్ళిళ్ళన్నీ నా కడుపులో ఉన్నాయి. అన్నీ అంటే అన్నీ కాదు, సూర్రావు గారి కల్యాణజ్యోతి స్టూడియోవాళ్ళు తీసినవి. అవి కూడా పూర్తిగా కాదు, నాలుగో వంతు. నిజం చెప్పబోతే గొప్పంతా ఇలా తగ్గిపోతూ ఉంటుంది గానీ, అబద్ధం దాచుకోవడం నాకు చేతకాదు. నాలో ఏది రాస్తే అదే ఉంటుంది.

నేను పుట్టింది థాయ్‌లాండ్‌లో. దుమ్ము అన్న మాటకే ఉలిక్కిపడే గది అది. కళ్ళు తప్ప ఏమీ కనబడకుండా తెల్లటి ముసుగులు వేసుకున్న ఆడవాళ్ళు నన్ను తయారుచేశారు. నా లోపల అద్దంలా మెరిసే పళ్ళేలు ఉంటాయి. అవి నిమిషానికి ఏడువేల రెండువందల సార్లు తిరుగుతాయి. వాటిమీద ఒక సన్నటి చెయ్యి తాకీ తాకనట్టు కదులుతూ రాస్తుంది, చదువుతుంది. పొరపాటున తాకిందా, నా కథ ముగిసినట్టే. ఇంత సుకుమారంగా పెరిగిన నన్ను ఒక కవర్లో పెట్టి, పక్కన ‘తినకూడదు’ అని రాసిన, తేమ పీల్చే గుళికల పొట్లం ఒకటి పడేసి ఓడ ఎక్కించారు. దాన్ని తినేవాళ్ళు ఎవరుంటారా అని దారంతా ఆలోచించాను. మనుషుల్ని బాగా చూశాక ఆ సందేహం తీరిపోయింది.

హైదరాబాదులో ఒక కొట్టులో కొన్నాళ్ళు కూర్చున్నాను. రాజమండ్రి నుంచి ప్రభుదాసు అనే మెకానిక్కు వచ్చి మమ్మల్ని నలుగురినీ ఒకేసారి కొన్నాడు. నలుగురం ఒకే అచ్చు, ఒకే బరువు. మా కంపెనీ వాళ్ళకే మమ్మల్ని పోల్చుకోవాలంటే వెనకున్న చిన్న అంకెలు చదవాలి. తణుకు తెచ్చి, ఒక్కొక్కరినీ ఒక్కొక్క చట్రంలో పెట్టి, నాలుగేసి మరలు బిగించి, సర్వర్ అనే పెద్ద పెట్టెలోకి తోశాడు. చివర్న ‘టక్’ మని ఒక చప్పుడు వస్తుంది, అది నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. ఎడమ నుంచి రెండో గది నాది.

ఆ స్టూడియోలో ఏసీ ఉన్నవి రెండే గదులు. ఒకటి పెళ్ళికూతుళ్ళు పౌడరు చెదరకుండా ఫోటో దిగే గది, రెండోది మాది. కాబట్టి మా హోదా ఏమిటో మీరే గ్రహించండి.

ప్రభుదాసు తెర ముందు కూర్చుని మా నలుగుర్నీ ఒక జట్టుగా కట్టాడు. సూర్రావు గారు వెనక నిలబడి అంతా చూస్తున్నారు. కెమెరా పట్టుకుంటే ఆయనకు తిరుగులేదు గానీ, మిగతా అన్నిటిమీదా అనుమానమే.

“నాలుగు కొన్నాం కదయ్యా. మూడింటి చోటే చూపిత్తందేటి? నాలుగోది ఏవైపోయింది?”

“ఎక్కడికీ పోలేదండి. మీరో ఫోటో పెట్టేరనుకోండి, దాన్ని ముక్కలు చేసి తలా ఒకటీ ఇత్తాది. దాంతోపాటు ఓ లెక్క కూడా రాసిపెడతాది. ఆ లెక్కకే ఒకడి చోటంత ఖర్చయిపోద్ది. రేపు వీళ్ళల్లో ఒకడు పోయాడనుకోండి, మిగతా ముగ్గురూ ఆ లెక్క చూసుకుని పోయినోడి ముక్క చెప్పేత్తారు.”

“ఇద్దరు పోతే?”

“దణ్ణం పెట్టేసుకోవడమేనండి. అందుకే ఇంకో కాపీ ఇడిగా ఉంచుకోమంటన్నాను.”

“ఉంచుదాం, ఉంచుదాం,” అన్నారు సూర్రావు గారు. ఆ మాట ఆయన ఏడేళ్ళు అన్నారు.

వెళ్ళేముందు ప్రభుదాసు స్కెచ్ పెన్నుతో మా మొహాలమీద ఒకటి, రెండు, మూడు, నాలుగు అని రాశాడు. “ఈ నలుగుర్నీ నడిపే కార్డు పాత రకవండి. ఎవడు ఏ గదిలో ఉంటే ఆ గదిని బట్టే గుర్తెట్టుకుంటాది. వరస మారిందంటే మనోళ్ళని అదే పోల్చుకోలేదు. జాగ్రత్త,” అన్నాడు. నా అంకె కాస్త వంకరగా వచ్చింది. అయినా నాకు ముచ్చటగానే ఉండేది.

ఆ తర్వాత మా జీవితం పెళ్ళిళ్ళ మయం. పెళ్ళికొడుకు మీసంలో సగం నా దగ్గరుంటే మిగతా సగం పక్కవాడి దగ్గర ఉండేది. మూడు ముళ్ళలో ఒక ముడి నా వాటాకి వస్తే, విస్తరిలో బూరె ఇంకొకడి వాటాకి వెళ్ళేది. ఏ ఒక్కరి దగ్గరా ఒక్క పెళ్ళీ పూర్తిగా లేదు. మొదట్లో నాకు ఇది చిన్నతనంగా తోచింది. పోనుపోను అలవాటై, ఒంటరిగా ఏదైనా దాచుకోవడమంటేనే భయం పట్టుకుంది.

మనుషుల సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాళ్ళు ఏడుపు కూడా మళ్ళీ మళ్ళీ ఏడవగలరు. “అమ్మా, ఫోకస్ పోయింది, ఇంకోసారి కౌగిలించుకుని ఏడవండి,” అని సూర్రావు గారు అడగడం, వాళ్ళు కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టడం నాలో లెక్కలేనన్ని ఉన్నాయి. రెండోసారి ఏడుపే ఆల్బమ్‌లోకి వెళ్ళేది.

ఒక్క అప్పగింతలకు మాత్రం ఆయన ‘ఇంకోసారి’ అనలేదు. నేను చేరిన మొదటి ఏడాది మాట. నాగరత్నం గారనే ఆవిడ పెద్ద కూతురి పెళ్ళి. అప్పగింతల వేళ పెళ్ళికూతురి అమ్మమ్మ బుల్లెమ్మ గారు లేచి, పిల్ల చెయ్యి వియ్యపురాలి చేతిలో పెట్టి పాట అందుకుంది. అది పుస్తకంలో పాట కాదు, ఆవిడ సొంతంగా కట్టుకున్నది. మా పిల్లకి మీగడ పెరుగంటే ప్రాణమనీ, ఉరుమొస్తే జడుస్తుందనీ, కోపమొస్తే అన్నం మానేస్తుంది గానీ రెండోసారి పిలిస్తే వచ్చేస్తుందనీ, ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోయి, చివర ‘జాగ్రత్త తల్లీ’ అని దింపుతుంది. పందిట్లో వంటవాళ్ళు కూడా గరిటెలు ఆపేశారు. సూర్రావు గారు పాట అయ్యాక కూడా కెమెరా ఆపడం మరిచిపోయారు, ఆ మిగిలిన నిమిషం కూడా మా దగ్గర భద్రంగా ఉంది.

ఏడేళ్ళు గడిచాయి. దసరాకి రెండు రోజుల ముందు నాగరత్నం గారు స్టూడియోకి వచ్చింది. కార్తీకంలో రెండో కూతురి పెళ్ళి. నీ పెళ్ళికీ పాడతానని బుల్లెమ్మ గారు ఆ పిల్లకి ఎప్పుడో మాటిచ్చింది. కానీ పోయిన వేసవిలో పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఆ పాట ఇంకెవరికీ రాదు.

“మీకిచ్చిన సీడీ ఉందిగదమ్మా?” అన్నారు సూర్రావు గారు.

నాగరత్నం గారు నసిగింది. “చిలకలు కాయలన్నీ కొట్టేత్తన్నాయని మా ఆయన జాంచెట్టుకి కట్టేడన్నయ్యా. మెరిత్తే జడుత్తాయంట.”

“జడిసేయా?”

“ఏం జడుత్తాయి. దానిమీదే కూచుంటన్నాయి.”

“పోన్లే, మా దగ్గరుంది. పండగెల్లాక రామ్మా, తీసిత్తాను,” అన్నారాయన. ఆ పూటే తీసిస్తే ఈ ఆత్మకథకు పనే ఉండేది కాదు.

పండగ రోజున స్టూడియోలో ఆయుధ పూజ. కెమెరాలు, లైట్లు, స్టాండ్లు అన్నీ తుడిచి, దుర్గమ్మ పటం ముందు వరసగా పెట్టి బొట్లు పెడతారు. ఆ పని మంగతాయారుది. ఆల్బములు చేసేది ఆవిడే, పెళ్ళికూతుళ్ళ మొటిమలు మాయం చేసేది ఆవిడే. ఆ ఏడు ఆవిడకి మామీద జాలి కలిగింది. అందరికీ బొట్లు పెట్టి, పగలూ రాత్రీ పనిచేసే వీటికి పెట్టకపోవడమేమిటని సర్వర్ పద్ధతిగా ఆపి, మమ్మల్ని ఒక్కొక్కరినే బయటికి లాగింది. లెన్సులు తుడిచే స్పిరిట్‌తో మొహాలు మిలమిలలాడేట్టు తుడిచింది. ప్రభుదాసు రాసిన అంకెలు ఆ గుడ్డకి అంటుకుని పోయాయి. మురికి పోయిందని మురిసిపోయి, బొట్టు పెట్టి, పటం ముందు నిలబెట్టింది. నిజం చెప్తున్నాను, ఆ పూట నాకు గర్వంగానే అనిపించింది. ఏడేళ్ళలో మాకు దణ్ణం పెట్టినవాళ్ళు లేరు.

సాయంత్రం పులిహోర పళ్ళెం పెట్టడానికి ఎవరో మమ్మల్ని అటూ ఇటూ జరిపారు. ఆ తర్వాత సూర్రావు గారు చేతికి ఎవరొస్తే వాళ్ళని తీసి గదుల్లోకి తోసేశారు. ‘టక్’ అంది గానీ, ఆ చప్పుడులో మునుపటి హాయి లేదు. నేను నాలుగో గదిలో ఉన్నాను.

మర్నాడు ఉదయం నాగరత్నం గారు వచ్చింది. ఇంట్లో ఉండమంటే వినలేదని బుల్లెమ్మ గారిని కూడా ఆటోలో తీసుకొచ్చింది. ఇద్దరూ ముందుగదిలో పాస్‌పోర్టు ఫోటోల బల్లమీద కూర్చున్నారు. లోపల తెర వెలిగింది. జట్టు కనబడటం లేదనీ, కొత్తగా కట్టమంటారా అనీ ఇంగ్లీషులో అడిగింది. సూర్రావు గారు కట్టమని చెప్పబోయి, వేలు మీట మీద పెట్టి, ఎందుకో ఆగి ప్రభుదాసుకు ఫోన్ చేశారు.

“ఏదీ నొక్కకండి బాబూ! కొత్తగా కడితే పాతదంతా చెరిగిపోద్ది! మీకు పుణ్యవుంటాది, ఆ వేలు తీసెయ్యండి!” అన్న కేక ముందుగది దాకా వినబడింది.

మధ్యాహ్నానికి ప్రభుదాసు బండిమీద వచ్చి పడ్డాడు. మమ్మల్ని బయటికి తీసి బల్లమీద పెట్టి, అంకెలు లేని మొహాలు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. “నలుగుర్ని ఇరవైనాలుగు రకాలుగా పెట్టొచ్చండి. ఒక్కోటీ పెట్టి చూద్దావంటే, తప్పు వరసలో ఇది సరిచేత్తానని లోపల రాయడం మొదలెడితే అసలుకే మోసం. ఇంకో కాపీ ఏదండి?”

“ఉంచుదాం అనుకుంటానే ఉన్నానయ్యా,” అన్నారు సూర్రావు గారు.

గుమ్మం దగ్గరికి వచ్చిన నాగరత్నం గారికి విషయం అర్థమైంది. వెనక్కి తిరిగి తల్లి వంక చూసింది. బుల్లెమ్మ గారు ఏమైందన్నట్టు ఎడం చెయ్యి ఊపింది. నాగరత్నం గారు గోడవైపు తిరిగింది. నా పాటికి నేను కరెంటు లేకుండా బల్లమీద పడి ఉన్నాను. పాటలో నా వాటా నా లోపలే ఉంది, చెక్కు చెదరలేదు. కానీ అది ఎన్నో ముక్కో నేను చెప్పలేను. అంత దగ్గరగా ఉండి ఏమీ చెయ్యలేకపోవడం నాకు అదే మొదటిసారి.

మంగతాయారు ఏడుపు ఆపుకోలేకపోయింది. “ఈ బొట్లే కొంప ముంచేయి,” అంటూ చీర చెంగు తడిచేసుకుని నా మొహం తుడవబోయింది. చెంగు నాకు తగిలింది కూడా.

“ఆగక్కా!” అని ప్రభుదాసు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. “ఇదేటి, ఒకడి బొట్టు దట్టంగా ఉంది, ఒకడిది ఎలిసిపోయింది?”

“నీళ్ళ కుంకం కదా బాబూ. లోపలికి తడి పోద్దేమోనని భయవేసి ఒక్కసారే ముంచేను. ఆ వేలితోనే నలుగురికీ పెట్టేసేను.”

“ఒకర్ని లాగి బొట్టెట్టేకే ఇంకోర్ని లాగేవా?”

“మరి! ఒకరి తరవాత ఒకరు. వరస తప్పలేదు.”

ప్రభుదాసు మమ్మల్ని దట్టమైన బొట్టు నుంచి వెలిసిన బొట్టు దాకా పేర్చాడు. నాది మూడోది, పలచన. దట్టంగా ఉన్నవాడిని ఎడమ చివరి గదిలోకి తోయబోయాడు.

“అటెందుకెడతన్నావు?” అంది మంగతాయారు. “శుభవా అని బొట్లెడతా ఎడంపక్క నించి మొదలెడతావేటి? కుడి నించి లాగేను.”

ప్రభుదాసు మమ్మల్ని తారుమారు చేశాడు. కుడి నుంచి మూడో గది, అంటే ఎడమ నుంచి రెండోది. ‘టక్’ మంది. అదే చప్పుడు. నా ఇల్లు.

కొత్తగా కట్టవద్దు, ఉన్నదాన్నే చదువు అని కార్డుకు చెప్పాడు. పళ్ళేలు తిరిగాయి. పక్కవాడు తన ముక్క చెప్పాడు, నేను నాది చెప్పాను, నాలుగోవాడు అందుకున్నాడు. ముందుగది దాకా బుల్లెమ్మ గారి గొంతు వెళ్ళింది. మీగడ పెరుగు, ఉరుము, కోపం, అన్నీ వరసగా వచ్చాయి. బల్లమీద కూర్చున్న ఆవిడ తన గొంతు తానే వింటూ, మధ్యలో ఒకచోట పాట బాగాలేదన్నట్టు మూతి విరిచింది. నాగరత్నం గారికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. సూర్రావు గారు ఆ సాయంత్రమే ఇంకో కాపీ తీయించారు.

కార్తీకంలో పెళ్ళి అయింది. నేను వెళ్ళలేదు, కానీ మర్నాడు ఆ పెళ్ళే నా దగ్గరికి వచ్చింది, సూర్రావు గారి కెమెరాలో. అప్పగింతల వేళ బుల్లెమ్మ గారిని కుర్చీతో సహా పందిట్లోకి తెచ్చారు. మైకులో పాత పాట పెట్టారు. ఆవిడ మనవరాలి చెయ్యి ఎడం చేత్తో పట్టుకుని, పాట పొడుగునా పెదవులు కదిపింది. చివర ‘జాగ్రత్త తల్లీ’ దగ్గర మైకులో గొంతు కింద ఇంకో గొంతు వినబడింది. బొంగురుగా, ముక్కలుగా, ఒకే ఒక్క మాట. ‘తల్లీ’. వేసవి తర్వాత ఆవిడ నోటి నుంచి వచ్చిన మొదటి మాట అదేనని పందిట్లో ఎవరో అంటున్నారు. అది కూడా వీడియోలో పడింది.

మరో రెండేళ్ళకు మమ్మల్ని తీసేసి కొత్తవాళ్ళను పెట్టారు. మా సరుకంతా వాళ్ళకి అప్పజెప్పాం. లోపలివి ఎవరూ చదవకుండా పాతవాటికి కన్నాలు పొడిచి పారేస్తామని ప్రభుదాసు అంటే, మంగతాయారు ఒప్పుకోలేదు. నలుగుర్నీ దుర్గమ్మ పటం పక్కన అలమరలో పెట్టింది, మా వరసలోనే. కరెంటు లేదు, తిరుగుడు లేదు. హాయిగా ఉన్నాను. ప్రతి దసరాకీ ఆవిడ వచ్చి, ఒక్కసారే వేలు ముంచి, కుడి నుంచి మొదలుపెడుతుంది. నా దాకా వచ్చేసరికి కుంకం పలచబడుతుంది. అయినా నాకు ఏ లోటూ లేదు. పెళ్ళిళ్ళలో ముక్కలే తప్ప ఏదీ పూర్తిగా నా వాటాకి రాలేదని మొదట్లో చెప్పాను కదా. ఒక్కటి వచ్చింది. బుల్లెమ్మ గారి ఆ ఒక్క మాట చిన్నది కావడంవల్ల ముక్కలు కాలేదు. మొత్తం నాకే వచ్చింది.