ఇరవై ఏళ్ళ మర్యాద

రోలండ్ థ్రెడ్‌గోల్డ్ ఆ ఆదివారం పబ్బు ముందు నిలబడి తనతో నడకకొచ్చిన తొమ్మిదిమందినీ మూడుసార్లు లెక్కపెట్టాడు. తొమ్మిదిమందీ కళ్ళెదుటే ఉన్నారు, ఎక్కడికీ పోలేదు. అయినా లెక్కపెట్టడం నాయకుడి పని, నాయకుడు రోలండ్. ఆయన్ని ఎవరూ ఎన్నుకోలేదు. మెడలో ప్లాస్టిక్ తొడిగిన మ్యాపు ఆయనకొక్కడికే ఉంది, అంతే.

"ఇవాళ్టిది మామూలు నడక కాదు. మనం ఈ దారిన నడవడం మొదలుపెట్టి ఇవాళ్టితో ఇరవై ఏళ్ళు నిండాయి," అన్నాడు గొంతు సవరించుకుని.

"తెలుసు రోలండ్. పోయిన వారం చెప్పావు, అంతకుముందు వారమూ చెప్పావు," అంది ఆయన భార్య మ్యూరియల్ బూట్ల లేసులు బిగించుకుంటూ.

పబ్బు నుంచి ఏటి గట్టున చర్చికి, చర్చి వెనక కెటిల్ వాళ్ళ పొలంలోంచి తిరిగి పబ్బుకు. మొత్తం నాలుగు మైళ్ళు. ఆ పొలంలో కాలిబాట ఏ సర్కారు పటంలోనూ లేదు. ముసలి కెటిల్ ఉన్నన్నాళ్ళూ ఎవరికీ ఆ సంగతి పట్టలేదు. ఆయన పోయాక పొలం కోడలు ఫిలిపా చేతికొచ్చింది. ఆవిడ గేటుకు గొలుసు కొందని ఊరంతా చెప్పుకుంటున్నారు. ఆ బాట మూతపడితే లారీల రోడ్డు వెంట ప్రాణాలు అరచేత పెట్టుకుని తిరిగిరావలసిందే.

అయితే చట్టమొకటి ఉంది. ఒకరి పొలంలోంచి జనం ఇరవై ఏళ్ళపాటు బాహాటంగా, ఎవరి అనుమతీ లేకుండా, తమ హక్కే అన్నట్టు నడిస్తే ఆ బాట జనానిదైపోతుంది. కౌన్సిల్లో ముప్ఫై ఏళ్ళు సర్వేయరుగా చేసిన రోలండ్‌కు ఈ చట్టం కంఠతా వచ్చు. బాటను జనానిదిగా నమోదు చెయ్యమనే దరఖాస్తు సంచిలో ఉంది. చర్చిలో అందరిచేతా సంతకాలు పెట్టించి రేపే పంపించెయ్యాలి.

"గుర్తుంచుకోండి, మనం ఎవర్నీ అనుమతి అడగం. అడిగామా, పని చెడిందే," అని దారిపొడుగునా పాఠం చెప్పాడు. అలా చెబుతూనే ఎదురొచ్చిన ప్రతి కుక్కకూ, దాని యజమానికీ క్షమాపణ చెప్పుకుంటూ పక్కకు తప్పుకున్నాడు.

ఎనిమిది వందల ఏళ్ళ చర్చి అది. గోడమీద పాతకాలపు బొమ్మ చూడ్డానికి లండన్ నుంచి కూడా వస్తారు. మనవాళ్ళు మాత్రం సరాసరి కేకు బల్ల దగ్గరికి నడిచారు. ఆ ఆదివారం టీ పోసే వంతు ఫిలిపాదే.

"రండి రండి రోలండ్ గారూ! ఇరవై ఏళ్ళంటగా? మీరంటే మా మామగారికి ఎంత అభిమానమో! మీ కార్డులన్నీ భద్రంగా దాచుకున్నారు," అంటూ సంచిలోంచి రిబ్బను కట్టిన కట్ట తీసింది.

రోలండ్ ఆ కట్టను చూడగానే గుర్తుపట్టాడు.

ప్రతి క్రిస్మస్‌కూ ముసలాయనకు ఒక కార్డు, ఒక నారింజ మార్మలేడ్ జాము సీసా పంపడం ఆయన అలవాటు. ఎంతైనా మర్యాద మర్యాదే కదా. ఫిలిపా పైనున్న కార్డు తెరిచి ముద్దుముద్దుగా చదివింది. "ఈ ఏడాది కూడా మీ పొలంలో నడవడానికి అనుమతించినందుకు ఎంతో కృతజ్ఞుణ్ణి. వచ్చే ఏడాది కూడా దయతో అనుమతిస్తారని ఆశిస్తూ, మీ రోలండ్." చదివి కళ్ళు తుడుచుకుంది. "మా లాయరు వీటిని చూసి ఎంత ముచ్చటపడ్డాడో! రేపట్నుంచి గొలుసు వేస్తున్నాలెండి. అయినా మీరు అడిగితే నేను కాదంటానా?"

మ్యూరియల్ కప్పు కింద పెట్టింది. "ఇరవై కార్డులు రాశావా?"

"మర్యాద కోసం, మ్యూరియల్."

"అడగొద్దని మా బుర్రలు తిన్నది నువ్వేగా!"

"నేనెక్కడ అడిగాను? కృతజ్ఞత చెప్పానంతే."

"అనుమతి పుచ్చుకోకుండానే కృతజ్ఞత చెబుతారా ఎవరైనా?"

అనుమతితో నడిచిన ఆ ఇరవై ఏళ్ళూ చట్టం లెక్కలోకి రావు. సంతకాల కాగితం ఇక కేకు పొట్లం కట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. ఒక్కటే దారి మిగిలింది. ఇవాళ్టి నుంచి అనుమతి లేకుండా నడిచి లెక్క మళ్ళీ మొదలుపెట్టాలి. ఆయనకిప్పుడు డెబ్భై ఒకటి. తొంభై ఒకటికల్లా గెలుస్తాడు. "పదండి!" అని అరిచి, ఎప్పుడూ లేనంత విసురుగా చర్చి వెనక గేటు వైపు నడిచాడు.

ఫిలిపా టీ కూజా చేత్తో పట్టుకునే బయటికొచ్చింది. "రోలండ్ గారూ! నా అనుమతి ఉంది, హాయిగా వెళ్ళండి!"

అనుమతి ఇస్తే లెక్క మొదలే కాదని ఆవిడకూ ఎవరో చెప్పినట్టున్నారు. రోలండ్ ఒక్క మాట అంటే చాలు, మాకక్కర్లేదని. తొమ్మిదిమందీ ఆయన వంకే చూస్తున్నారు. ఆయన వెనక్కి తిరిగి నోరు తెరిచాడు.

"చాలా థాంక్సండీ," అన్నాడు.

మ్యూరియల్ ఆయన్ని తోసుకుని గేటు తీసింది. "ఇదిగో అమ్మాయ్, నీ అనుమతి ఎవరిక్కావాలి? నేను అడగలేదు, అడగను! రేపు గొలుసు వేసుకో, వచ్చే ఆదివారం దాని మీంచి దూకి వస్తా!" అని ఊరు దద్దరిల్లేలా అరిచి పొలంలోకి దిగింది.

అందరూ ఆకాశం వంకా, బూట్ల వంకా చూశారు. రోలండ్ ఫిలిపా వైపు తిరిగాడు. "క్షమించండి ఫిలిపా గారూ. మా ఆవిడ మామూలుగా ఇలా మాట్లాడదు," అన్నాడు.

ఆ మాట మ్యూరియల్‌కు వినబడింది. పొలం మధ్యలో ఆగి వెనక్కి తిరిగింది. నలభై ఆరేళ్ళ కాపురంలో ఎన్నడూ చూడనంత కోపంగా భర్త వంక చూసింది. తర్వాత మళ్ళీ నడక సాగించింది. కాసేపు తటపటాయించి మిగతా ఎనిమిదిమందీ ఆవిడ వెనకే కదిలారు. ఒక్కరూ ఫిలిపా వైపు చూడలేదు, ఒక్కరూ ఆవిణ్ణి అడగలేదు.

రోలండ్ గేటు దగ్గరే నిలబడిపోయాడు. ఆ పొలంలోకి దిగడానికి అనుమతి ఉన్నది ఆయనొక్కడికే.