నా వేలు నాది కాదన్న మిషన్

కొరియాలోని జొంజు నగర పోలీసు శాఖలో వేలిముద్రలు పోల్చి చూసే పని చేసి రిటైరయ్యాను. ఆ రోజుల్లో ఎవరు దొరికినా నాది ఒకటే ఉపన్యాసం: "మొహం మారుతుంది, గొంతు మారుతుంది, వేలిముద్ర మాత్రం చచ్చేదాకా మారదు." పెళ్లి విందుల్లో నా పక్క కుర్చీ ఎందుకు ఖాళీగా ఉండేదో ఇప్పుడర్థమవుతోంది.

రిటైరయ్యాక నా భార్య బున్-రే నడిపే మొలకల సూపు హోటల్లో గిన్నెలు తోమే ఉద్యోగం వచ్చింది. చలికాలం ముగిసేలోపే వేళ్లు ఎర్రబడి, పొట్టు రాలి, పగుళ్లిచ్చాయి. మందు రాసుకోవడం నామోషీ అనుకున్నాను.

ఓ రోజు నివాస పత్రం కోసం ఇద్దరం వార్డు ఆఫీసుకెళ్లాం. మిషన్ మీద బొటనవేలు పెట్టాను. ముద్ర సరిపోలలేదంది. తుడిచి పెట్టాను, ఊది పెట్టాను. ఊహూ.

"మిషన్ పాడైంది," అన్నాను కౌంటర్లో అమ్మాయితో.

"అందరికీ పనిచేస్తోంది కదా తాతగారూ. మీ కార్డు ఇవ్వండి."

కార్డు మీద ఫొటోలో ఒత్తుగా జుట్టుంది. ఆ అమ్మాయి ఫొటోనీ నా బట్టతలనీ మార్చి మార్చి చూసింది. నాకు ఒళ్లు మండింది.

"వేలిముద్రల గురించి నాకే చెబుతావా?"

"నేనేం చెప్పలేదండీ. మిషనే చెప్పింది."

బున్-రే వైపు తిరిగాను. "నేనెవరో చెప్పవే!"

ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. "ఎక్కడో చూసినట్టే ఉంది. పొద్దున మా హోటల్లో గిన్నెలు పగలగొట్టినాయన కాబోలు."

వరసలో వాళ్లంతా గొల్లుమన్నారు. ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ నా చెవులు ఫొటోతో సరిచూసి కాగితం ఇచ్చింది.

అటునుంచటే బున్-రే నన్ను చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది. "సబ్బునీళ్ల ఎగ్జిమా," అన్నాడాయన. "పై చర్మం పాడైంది. గీతల అచ్చు లోపలి పొరలో భద్రంగానే ఉంది. మానితే తిరిగొస్తుంది."

నాకు తెలిసిన పాఠమే. ఎదుటివాళ్ల వేళ్లకే వర్తిస్తుందనుకున్నాను.

"గిన్నెలు మానేయమంటారా?" ఆశగా అడిగాను.

"లోపల నూలు చేతొడుగులు, పైన రబ్బరువి వేసుకుని తోమండి."

బున్-రే డాక్టరుకి వంగి మరీ దణ్ణం పెట్టింది.

వసంతానికి గీతలు తిరిగొచ్చాయి, మధ్యలో ఒకటి రెండు తెల్లటి చారలతో. ఆ వారమే నా కింద పనిచేసిన మా గ్యు-హ్యన్ సూపు తాగడానికొచ్చి, మోచేతుల దాకా గులాబీరంగు రబ్బరు తొడుక్కున్న నన్ను చూశాడు.

"ఏంటి సార్, ఆధారాలు మిగలకుండా చూసుకుంటున్నారా?"

"మాటలు తర్వాత," వంటింట్లోంచి కేకేసింది బున్-రే. "తోమిన గిన్నెలైపోయాయి!"