చప్పుడు చేయని ఆట

పోస్టర్ మీద ఒక అమ్మ, ఆమె చుట్టూ ముగ్గురు పిల్లలు. అది చూసే చిట్టి మ్యాటినీకి రెండు టికెట్లు తీసుకుంది. ముప్పై రెండేళ్లొచ్చినా అక్కకు ఆమె ఇంకా చిట్టే. తల్లి సెంటిమెంటు బాగా దట్టించిన సినిమా చూపిస్తే అక్క మనసు కాస్త మెత్తబడుతుందని ఆశ. వచ్చే వారం నుంచి అమ్మ చిట్టి ఇంట్లోనే ఉండబోతోంది. అక్కేమో పద్నాలుగేళ్లుగా అమ్మ మొహం చూడలేదు. ఒక్కసారి వచ్చి పలకరించవే అంటే వినపడనట్టు కూర్చుంటుంది.

తీరా చూస్తే, ఆ పోస్టర్ అమ్మ మొదటి పది నిమిషాల్లోనే చెప్పులేసుకుని ఎటో వెళ్లిపోయింది. ఇక మిగిలిందంతా పిల్లలూ, ఖాళీ గిన్నెలూ, వెనక నుంచి వయొలిన్ ఏడుపూ. చిట్టి బట్టలు కుట్టే మనిషి కదా, పిల్లవాడి చొక్కా చిరుగు మీదే ఆమె చూపు ఆగింది. అరిగి చిరిగింది కాదది, కత్తెరతో కోసింది.

"ఏం సినిమా అక్కా ఇది!" అని ఇంటర్వెల్‌లో రుసరుసలాడింది. "పిల్లలు ఒంటరిగా ఉంటే అలా మూల కూర్చుని ఏడుస్తారా? మనం ఎన్నిసార్లు ఉండలేదు? నవ్వీ నవ్వీ పొట్ట నొప్పొచ్చేది."

"నచ్చకపోతే వెళ్లిపోదాం పద," అంది అక్క.

"ఉండు, ఇంకా ఏం చూపిస్తాడో చూద్దాం."

రెండో సగంలో ఎవరో తలుపు కొట్టారు. స్కూలు టీచరు. పెద్దపిల్ల తమ్ముణ్ణీ చెల్లెల్నీ బల్ల కిందికి తోసి నోటి మీద వేలు పెట్టుకుంది. హాల్లో ఎవరో ముక్కు చీదారు.

చిట్టికి ఒళ్లు మండింది. అది చిన్నప్పుడు తనూ అక్కా ఆడుకున్న ఆట! తలుపు చప్పుడైతే బల్ల కింద దూరాలి, కిక్కురుమనకూడదు, ముందు కదిలినవాళ్లు ఓడినట్టు. గెలిచినవాళ్లకు బిస్కట్టు. అంత సరదా ఆటకు ఈ ఏడుపు సంగీతమేమిటి? అమ్మ పనికేగా వెళ్లేది, సాయంత్రానికి వచ్చేసేది. వచ్చేసేదా? అమ్మ ఇంట్లోకి వచ్చిన సాయంత్రం ఒక్కటైనా గుర్తుకు తెచ్చుకోబోయింది. దొరకలేదు. దొరికిందల్లా అక్క జడ వేయడం, అక్క స్టూలెక్కి పొయ్యి వెలిగించడం.

బయట బస్‌స్టాప్‌లో అడిగింది. "అక్కా, అమ్మ ఎన్నాళ్లు వెళ్లేది?"

"ఒక్కోసారి రెండ్రోజులు. ఒకసారి పదకొండు."

"మరి నాకు గుర్తులేదేం?"

"నీకు నాలుగేళ్లే కదే."

అంటే అక్కకు తొమ్మిది. చిట్టి లెక్క సరిగ్గానే వేసింది గానీ, మనసు ఒప్పుకోలేదు. మొండిగా అంది. "ఆ ఆటలో ఎప్పుడూ నేనే గెలిచేదాన్ని."

"అవును."

"నువ్వే ముందు కదిలేదానివి. అంత పెద్దదానివి, కాసేపు కదలకుండా ఉండలేకపోయావా?"

అక్క రోడ్డు వైపు చూస్తూ అంది. "బిస్కట్టు ఒక్కటే ఉండేదే."

బస్సు వచ్చింది. ఎక్కబోతూ అక్క ఆగి, తనంతట తనే అడిగింది. "అమ్మ ఏ రోజు వస్తోంది?"

పొద్దున్నుంచీ చిట్టి ఎదురుచూసింది ఈ మాట కోసమే. ఇప్పుడు అక్కను రమ్మనాలో వద్దనాలో తెలియక, ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుని అలాగే నిలబడిపోయింది.