ఉప్పుమడిలో అడుగులు

రాతిలో మిగిలిన రాక్షసబల్లుల అడుగులు వాటి సైజు తప్ప ఏమీ చెప్పవని సైన్సు మాస్టారు కొట్టిపారేశారు. మర్నాటి ఎగ్జిబిషన్లో అది తప్పని నిరూపిస్తానని, తల్లి లేని మా అమ్మాయి కామేశ్వరి ఆ అడుగుల ఫోటోతో నన్ను నౌపడ ఉప్పుమళ్లకు లాక్కొచ్చింది.

అక్కడ పనిచేస్తున్న గురమ్మను ముందు ఒంటరిగా, తర్వాత తన చిన్నబిడ్డ చేయి పట్టుకుని బురదలో నడవమంది.

"నా నడక సూడ్డానికి టిక్కెట్టెట్టినావేటి, పాపా?" అని నవ్వుతూనే, గురమ్మ ఎండలో అడిగినన్నిసార్లు నడిచింది.

బిడ్డతో నడిచినప్పుడు ఆమె అడుగులు దగ్గరదగ్గరగా పడ్డాయి. ఫోటోలోనూ చిన్న అడుగులు కలిసిన చోటినుంచి పెద్ద అడుగులు దగ్గరయ్యాయి.

"పిల్ల కోసం నెమ్మదించింది, నాన్నా! రేపు ఇదే చెబుతాను."

"అయితే అది తల్లే అయ్యుంటాది," అంది గురమ్మ.

"తండ్రైనా కావచ్చు," అంది కామేశ్వరి, నా కండువాకి బురద చేతులు తుడుచుకుంటూ.